ఎవరు రాలేదో తెలిసే చోటు

పల్లెటూరి మందిరంలో ఆదివారం ఆరాధన అయిపోయాక గుమ్మం దగ్గర ఒక చిన్న తంతు జరుగుతుంది. ఆఖరి దీవెన చెప్పి పాస్టరుగారు అందరికంటే ముందు నడిచొచ్చి గుమ్మం పక్కన నిలబడతారు. జనం ఒక్కొక్కరే బయటికొచ్చి, వందనం పెట్టి, చెప్పుల గుట్టలో తమ జత వెతుక్కుంటారు.

“వందనాలయ్యగారూ.”

“వందనాలమ్మా. పెద్దాయన రాలేదేం?”

“రాత్రినించీ జొరం అయ్యగారూ. లేవలేకపోయాడు.”

మాట అంతటితో ఆగిపోతుంది, వెనకవాళ్ళు తోసుకొస్తుంటారు కాబట్టి. సాయంత్రం పొద్దు వాలేసరికి మాత్రం పాస్టరుగారి భార్య, స్త్రీల సమాజంలోంచి ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్తుంది. ఒక బ్రెడ్డు ప్యాకెట్టో నాలుగు బత్తాయిలో చేతిలో ఉంటాయి. మంచం పక్కన కూర్చుని ఒక పాట పాడి, ప్రార్థన చేసి, మాత్రలు వేసుకున్నాడా లేదా అని కనుక్కుని వస్తారు. ఆ పెద్దాయన రాలేదని పాస్టరుగారికి తెలియడానికి హాజరు పట్టీ అక్కర్లేదు. ఇరవై ఏళ్ళుగా ఆయన కూర్చునేది రెండో కిటికీ కింద, గోడకు ఆనుకుని. ఆ చోటు ఖాళీగా ఉంటే వాక్యం చెప్పేవాడి కన్ను దాని మీద పడకుండా ఉండదు.

క్రైస్తవులు ప్రతి వారం ఎందుకు కూడుకోవాలి అన్నదానికి మామూలుగా వినిపించే జవాబులు వేరు. వాక్యం వినడానికి, పాడడానికి, ఆత్మీయంగా ఎదగడానికి అంటారు. అన్నీ నిజమే. అయితే వాక్యం ఫోన్లోనూ దొరుకుతుంది, పాట ఇంట్లోనూ పాడుకోవచ్చు. ఇంట్లో దొరకనిది, కూడికలోనే దొరికేది ఒకటుంది: మనిషి రాకపోతే అది మరొకరికి తెలియడం. సహవాసం అన్న పెద్ద మాటకు కింద ఉన్న పునాది రాయి ఇదేనని, మొదటి శతాబ్దం నుంచి ఈనాటి దాకా సంఘాల నడవడి చూస్తే అనిపిస్తుంది.

ఈ విషయంలో అందరూ ఎత్తి చూపే వచనం బైబిల్లో హెబ్రీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, పదో అధ్యాయంలో ఉంది. “కొందరు మానుకొనుచున్నట్టుగా, సమాజముగా కూడుట మానక” అని. ఆదివారం రానివాళ్ళను మందలించడానికి ఈ వాక్యాన్ని వాడినంతగా మరోదాన్ని వాడి ఉండరు. కానీ తెలుగులో ‘మానడం’ కొంచెం తేలికైన మాట. బడి మానేస్తాం, కాఫీ మానేస్తాం. మానేస్తే నష్టం మానినవాడికే. గ్రీకు మూలంలో ఉన్న క్రియ అంతకంటే బరువైనది. ఒకరిని విడిచిపెట్టి వెళ్ళిపోవడం అని దాని అర్థం. సిలువ మీద “నన్నెందుకు చెయ్యి విడిచితివి” అన్నచోట ఉన్నదీ ఆ క్రియే. అదే హెబ్రీ పత్రికలో మూడు అధ్యాయాల తర్వాత దేవుడు “నిన్ను ఎన్నడును ఎడబాయను” అన్నచోటా అదే. ఈ వెలుగులో చదివితే వచనం దిశ మారిపోతుంది. రాకపోతే నీకు దీవెన తప్పిపోతుందని బెదిరించడం దాని ఉద్దేశం కాదు. నువ్వు వెళ్ళిపోతే వెనక మిగిలినవాళ్ళ సంగతేమిటని అది అడుగుతోంది.

ఆ పత్రిక అందుకున్నవాళ్ళ పరిస్థితి కూడా గుర్తుంచుకోవాలి. వాళ్ళలో కొందరు చెరసాల పాలయ్యారు, ఆస్తులు పోగొట్టుకున్నారు. ఆ సంగతి అదే అధ్యాయంలో ఉంది. కూడికకు రావడమంటే ఇరుగుపొరుగుకు కనబడిపోవడం. భయంతోనో అలసటతోనో కొందరు నెమ్మదిగా జారుకుంటున్నారు. నలభై మందిలో పదిమంది జారుకుంటే మిగతా ముప్పై మంది మీద బరువు పెరుగుతుంది. రచయిత ఆందోళన అది. పక్కనే ఉన్న ఇంకో మాట కూడా గమనించదగ్గది. ప్రేమచూపడానికి ఒకరినొకరు ‘పురికొల్పవలె’నంటాడు. ఆ గ్రీకు మాటనే అపొస్తలుల కార్యములలో పౌలుకు బర్నబాకు మధ్య రేగిన తీవ్రమైన వాదానికి వాడారు. అంటే గిచ్చి లేపడం, రేపడం లాంటిది. ఆ పని దూరం నుంచి చేయడం కుదరదు. పక్కన కూర్చున్నవాడే మోచేత్తో పొడవగలడు.

తొలి నాళ్ళలో ఆదివారం సెలవు రోజు కాదన్న సంగతి మనం తరచూ మర్చిపోతాం. రోము సామ్రాజ్యంలో ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాన్‌స్టంటైన్ చక్రవర్తి ప్రకటించింది 321లో. అప్పటిదాకా దాదాపు మూడు వందల ఏళ్ళు క్రైస్తవులు పనిరోజునే కూడుకున్నారు. వాళ్ళలో బానిసలున్నారు, కూలివాళ్ళున్నారు. అందుకే త్రోయలో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగింది; మూడో అంతస్తు కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రకు తూలి కింద పడ్డాడు. ప్రసంగంలో కునికేవాళ్ళందరికీ ఆదిపురుషుడు అతనే. పగలంతా పనిచేసి వచ్చిన కుర్రాడేమో, ఎవరికి తెలుసు! అతనికి ఏమీ కాలేదని తేలాక, మళ్ళీ మేడెక్కి రొట్టె విరిచి తెల్లవారే దాకా మాట్లాడుకున్నారట.

112 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో ఉన్న బితూనియకు రోము గవర్నరుగా ఉన్న ప్లినీ, ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరంలో ఈ కూడికల వర్ణన ఉంది. ఒక నియమిత దినాన తెల్లవారక ముందే కూడుకుంటారని, క్రీస్తును దేవుడిగా ఎంచి పాట పాడతారని, దొంగతనం, వ్యభిచారం చేయబోమని, మాట తప్పబోమని ఒట్టు పెట్టుకుంటారని, తర్వాత మళ్ళీ కలిసి మామూలు భోజనం చేస్తారని విచారణలో తేలిన సంగతులు రాశాడు. సంఘాలు పెట్టుకోవడాన్ని నిషేధిస్తూ తను ఆజ్ఞ జారీ చేశాక ఆ భోజనం మానేశారట. నిజం రాబట్టడానికి పరిచారకులుగా పనిచేసే ఇద్దరు బానిస స్త్రీలను హింసించానని కూడా నిర్మొహమాటంగా రాసుకున్నాడు. పాలకుడి కళ్ళకు వాళ్ళ సిద్ధాంతం కంటే వాళ్ళు కూడుకోవడమే అనుమానంగా కనిపించింది.

ఇంకో నలభై ఏళ్ళు గడిచాక, 155 ప్రాంతంలో, జస్టిన్ అనే పండితుడు రోము నుంచి చక్రవర్తికి రాసిన విన్నపంలో ఆదివారపు ఆరాధన క్రమం వివరంగా ఉంది. పట్నంలోనూ పల్లెల్లోనూ ఉన్నవాళ్ళంతా ఒకచోట చేరతారు. అపొస్తలుల జ్ఞాపకాలు, ప్రవక్తల రాతలు చదువుతారు. అధ్యక్షుడు బోధిస్తాడు. అందరూ లేచి ప్రార్థిస్తారు. రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు. ఆ తర్వాత ఒక వాక్యం వస్తుంది: రానివాళ్ళ భాగాన్ని పరిచారకులు వాళ్ళ ఇళ్ళకు తీసుకెళ్తారు. ఆపైన, కలిగినవాళ్ళు ఇచ్చిన సొమ్ము అధ్యక్షుడి దగ్గర ఉంచితే ఆయన దాన్ని అనాథలకు, విధవలకు, రోగులకు, ఖైదులో ఉన్నవాళ్ళకు, పరదేశులకు ఖర్చు పెడతాడు. రానివాళ్ళకు రొట్టె తీసుకెళ్ళాలంటే ముందు ఎవరు రాలేదో తెలియాలి. ఎందుకు రాలేదో, ఎక్కడ పడుకుని ఉన్నారో తెలియాలి. బత్తాయిలు పట్టుకెళ్ళే మన పాస్టరుగారి భార్యకు తెలియకపోవచ్చు గానీ, ఆమె నడుస్తున్నది దాదాపు పందొమ్మిది వందల ఏళ్ళనాటి బాటలో.

304లో డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవ కూడికలను నిషేధించిన కాలంలో, ఇప్పటి ట్యునీషియా ప్రాంతంలోని అబితినే అనే ఊరివాళ్ళు నలభై తొమ్మిది మంది ఆరాధన చేస్తూ పట్టుబడ్డారు. కార్తేజిలో విచారణ జరిగింది. ఎమెరితుస్ అనే అతని ఇంట్లో కూడుకున్నారు. వాళ్ళనెందుకు ఇంట్లోకి రానిచ్చావని అడిగితే, వాళ్ళు నా సోదరులు, రావద్దనలేనన్నాడు. ఆదివారపు ఆరాధన లేకుండా తాము ఉండలేమన్నాడు.

ఇక మన నేలకొస్తే, ఆదివారం కూడుకోవడం ఎంత పెద్ద విషయమో ఒంగోలు చరిత్ర చెబుతుంది. 1867 జనవరి 1న ఒంగోలులో బాప్తిస్టు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర అప్పటికి ఒంగోలు వచ్చి కొన్ని నెలలే అయింది. తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ళ వ్యాపారి, ఆయన భార్య బాప్తిస్మం పొందాక మాదిగపల్లెల్లోకి ఈ మాట వేగంగా పాకింది. కొత్తగా చేరేవాళ్ళకు క్లౌ మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు.

ఈనాడు చదివితే మొదటి షరతే అన్నిటికంటే సులువనిపిస్తుంది. ఆనాడు అదే గట్టిది. మాదిగ కుటుంబం ఊరి రైతులకు తరతరాలుగా కట్టుబడి ఉండేది. చెప్పులు కుట్టాలి, మోట బొక్కెనలకు తోలు ఇవ్వాలి, జాతరకు డప్పు కొట్టాలి, పిలిచిన పూట పొలానికి పోవాలి. వారంలో ఫలానా రోజు రాను అని చెప్పే హక్కు ఆ మనిషికి ఉందని ఎవరూ అనుకోలేదు, ఆ మనిషితో సహా. కోతల రోజుల్లో ఆదివారం నాడు పల్లె మొత్తం పనికి రాకుండా చెట్టు కింద కూర్చుని పాడుతుంటే రైతులకు కోపం రావడంలో వింతేముంది? చాలాచోట్ల బాధలు పెట్టారు. ఒంటరిగా ఒకడే పనికి రానంటే కొట్టి లాక్కుపోతారు. పల్లె పల్లెంతా రాకపోతే ఎవరిని కొడతారు? కలిసి కూర్చోవడమే అక్కడ రక్షణ అయింది. ఆ రోజు తమదని అనిపించుకోవడం, వారానికి ఒకసారి మాసిన బట్ట మార్చుకుని, తల దువ్వుకుని, ఒకరి పక్కన ఒకరు మనుషుల్లా కూర్చోవడం వాళ్ళకు ఏమిచ్చిందో ప్రసంగాల లెక్కతో కొలవలేం.

1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో కొంత భాగాన్ని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. అన్నం కోసం మతం మారుతున్నారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాలు ఈ అంకె దగ్గర ఆగి ఆశ్చర్యపోతాయి. అసలు కష్టం ఆ మర్నాటి నుంచి. ఇంతమంది చెదురుమదురు పల్లెల్లో ఉన్నారు. చదువు లేదు, గుడి లేదు. వీళ్ళను సంఘంగా నిలిపింది పల్లెకొక్క ఉపదేశి, ఒక లాంతరు. పగలు తీరిక ఉండదు కాబట్టి రాత్రి అన్నాలయ్యాక కూడేవాళ్ళు. అక్షరాలూ కీర్తనలూ కలిపే నేర్చుకున్నారు. నది ఒడ్డున ఒక్కరోజు కనిపించిన జనసందోహం కంటే, ఆ లాంతరు చుట్టూ రాత్రి తర్వాత రాత్రి కూర్చున్న పదిహేను ఇరవై మందే తెలుగు క్రైస్తవ్యాన్ని నిలబెట్టారనడం అతిశయోక్తి కాదు.

సహవాసం అన్న తెలుగు మాట ఇందుకు బాగా సరిపోయింది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని సామెత. మనిషి పక్కన మనిషి మసిలితే ఒకరి రంగు ఒకరికి అంటుతుందన్న ఎరుక ఈ భాషకు ఎప్పటి నుంచో ఉంది. గ్రీకులో ఆ చోట ఉన్న మాట కొయినోనియా. దానికి పొత్తు, పాలుపంపు అన్న వాసన ఎక్కువ. లూకా సువార్తలో యాకోబు, యోహాను సీమోనుకు చేపల వేటలో ‘పాలివారు’ అన్నచోట వాడింది ఆ కుటుంబంలోని మాటే. యెరూషలేములోని బీదల కోసం మాసిదోనియవాళ్ళు వేసిన డబ్బుకూ పౌలు కొయినోనియా అనే అన్నాడు. మన బైబిలు దాన్ని ‘చందా’ అంది. వలలో పాలు, కంచంలో పాలు, కష్టంలో పాలు. చేతులు కలిపి నవ్వుకోవడంతో అయిపోయేది కాదు.

అలాగని కూడుకుంటే చాలు, అంతా మంచే జరుగుతుందనుకోవడానికీ లేదు. కొరింథు పట్నపు సంఘంవాళ్ళతో పౌలు ముఖం మీదే అన్నాడు: “మీరు కూడివచ్చుట యెక్కువ కీడుకే.” అక్కడ జరిగిందేమిటంటే, కలిగినవాళ్ళు ముందే వచ్చి తిని తాగి కూర్చునేవాళ్ళు, పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే పేదలకు ఏమీ మిగిలేది కాదు. ఒకడు ఆకలితో, ఒకడు మత్తుతో. పౌలు చెప్పిన మందు చాలా చిన్నది, చాలా లోతైనది: ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకుని ఉండండి. ఇంకా ఎవరు రాలేదో చూసి, వాళ్ళొచ్చేదాకా కంచం ముట్టకండి అని.

తెలుగునాట ఈ కొరింథు జబ్బుకు కులం అని పేరు. ఒకే ఊళ్ళో మాలపల్లెకొక గుడి, మాదిగపల్లెకొక గుడి ఉన్న చోట్లు ఇప్పటికీ తక్కువేం కాదు. ఎవరి చరిత్ర వాళ్ళది, ఏ మిషను ముందుగా ఎవరి పల్లెలోకి వచ్చిందన్న కారణాలూ ఉన్నాయి. నూటయాభై ఏళ్ళ తర్వాత కూడా ఆ కారణాలే చెప్పుకుంటున్నామంటే అవి కారణాలు కావు, సాకులు. ఈ గోడ మీద గట్టిగా దెబ్బ వేసినవాటిలో సువార్తికుడు భక్త్‌సింగ్ పరిచర్య ఒకటి. హైదరాబాదులోని హెబ్రోను మందిరం కేంద్రంగా పెరిగిన ఆ సహవాసాల్లో ఆదివారం ఆరాధన ప్రేమ విందుతో ముగుస్తుంది. వరసల్లో కింద కూర్చుని, అందరికీ ఒకే వంట. పక్కన కూర్చున్నది ఎవరో, వడ్డిస్తున్నది ఎవరో చూసుకోకుండా తినడం. పొత్తు భోజనం ఎంత కఠినమైన విషయమో తెలిసిన సమాజంలో సాంబారన్నం కూడా ప్రసంగమే.

ఇంకో చీకటి కోణం చందా పుస్తకం. సంఘంలో సభ్యుడిగా ఉండడానికి ఏటా చందా కట్టాలి. అది నడవడానికి అవసరమే. ఇంట్లో మనిషి పోయి, సమాధుల తోటలో చోటు అడగడానికి వెళ్ళినప్పుడు చందా బాకీ గురించి పుస్తకం తెరిచే పెద్దలున్నారు. రెండేళ్ళుగా మందిరానికి రాని మనిషి గురించి ఎవరూ ఒక్కసారి తలుపు తట్టలేదు గానీ, బాకీ లెక్క మాత్రం పైసాతో సహా ఉంటుంది. లేనివాళ్ళను గుర్తుపెట్టుకోవడం రెండు రకాలుగా చేయవచ్చు. బీదల కోసం వేసిన డబ్బుకు పెట్టిన పేరు శవాన్ని ఆపే మాటగా మారడం చూస్తే పౌలు ఏమనేవాడో.

2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ పడింది ఆదివారమే. ఆ వారమే లాక్‌డౌన్ మొదలై, ఏప్రిల్ 12న వచ్చిన ఈస్టరు కూడా ఇళ్ళలోనే గడిచింది. జూన్ 8 నుంచి ప్రార్థనా స్థలాలు తెరవడానికి కేంద్రం అనుమతిచ్చింది గానీ, చాలా సంఘాలు మామూలు స్థితికి రావడానికి ఇంకెంతో కాలం పట్టింది. ఆ నెలల్లో యూట్యూబు ఆదుకుంది. మంచం దిగలేని వృద్ధులకు, రాత్రి డ్యూటీ చేసే నర్సులకు, ఇంట్లోవాళ్ళకు చెప్పకుండా నమ్ముకున్న కోడళ్ళకు అది ఈనాటికీ ఆసరా. దాన్ని చులకన చేయడం అన్యాయం. రొట్టె, ద్రాక్షరసం ఎవరింట్లో వాళ్ళు పెట్టుకుని తెర ముందు తీసుకోవచ్చా అన్నదాని మీద సంఘాలు తలో మాట చెప్పాయి. ఆ చర్చ ఇంకా తెగలేదు.

తెగింది ఇంకొకటి. ఇంట్లో చూసే అలవాటు పడ్డాక, కాళ్ళూ చేతులూ బాగున్నవాళ్ళలో కూడా కొందరు తిరిగి రాలేదు. పప్పు తాలింపు వేస్తూ వాక్యం వినొచ్చు, ప్రసంగం సాగితే ముందుకు జరుపుకోవచ్చు, నచ్చకపోతే ఇంకో ప్రసంగీకుడి దగ్గరకు పోవచ్చు. పక్కింటి పిల్లాడి ఏడుపు లేదు, శ్రుతి తప్పే గొంతు లేదు, తనతో మాటల్లేని బంధువు ఎదురుగా కూర్చోడు. ఇవన్నీ లేకపోవడమే అక్కడి లోటు. మాటల్లేని బంధువు పక్కన నిలబడి ప్రభు సంస్కారం తీసుకోవాల్సి వచ్చినప్పుడే క్షమాపణ అన్నది పాటలోంచి దిగి ఒంట్లోకి వస్తుంది. ఇక వీడియో కింద వ్యూస్ అంకె కనిపిస్తుంది. అందులో ఎవరి పేరూ ఉండదు. మూడు వారాలు చూడకపోతే ఆ అంకెలో ఒకటి తగ్గుతుంది. ఎవరూ తలుపు తట్టరు.

వేల కుర్చీలున్న పట్నపు మందిరాల్లోనూ ఇదే చిక్కు. అపార్టుమెంట్లో కుటుంబం ఊరు మారిపోయినా తెలియదు. ఆ సంఘాలు వీధుల వారీగా గృహ కూడికలు పెట్టుకోవడం అందుకే. బుధవారమో శుక్రవారమో పదిపన్నెండు మంది ఒక హాల్లో చాపల మీద కూర్చుని, వాక్యం అయ్యాక టీ తాగుతూ పిల్లల ఫీజులు, బీపీ మాత్రలు, ఉద్యోగం పోయిన తమ్ముడి గురించి మాట్లాడుకుంటారు. టీ దగ్గరి ఆ పావుగంటను కాలక్షేపం అనుకునే పాస్టర్లు ఉన్నారు. పొరబాటు పడుతున్నారు.

ఈ సంగతి అందరికంటే బాగా తెలిసింది గల్ఫ్‌లోని తెలుగువాళ్ళకేమో. కువైట్‌లో వారపు సెలవు శుక్రవారం కాబట్టి ఆరాధనా శుక్రవారమే. అరబ్బు ఎమిరేట్లు 2022 జనవరి నుంచి వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చుకున్నాయి, కువైట్ మార్చుకోలేదు. ఒకే ప్రాంగణంలో వేర్వేరు భాషల సంఘాలు గంటల లెక్కన హాళ్ళు పంచుకుంటాయి. తమిళవాళ్ళ పాట అయిపోతుంటే తెలుగువాళ్ళు గుమ్మంలో నిలబడి ఉంటారు. కడప జిల్లా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామందికి వారంలో నాలుగు గోడలు దాటి బయటికొచ్చేది, అదీ యజమాని ఒప్పుకుంటే, ఆ కొద్ది గంటలే. వాళ్ళలో ఒకామె రెండు శుక్రవారాలు వరసగా రాకపోతే పక్కన కూర్చునే ఆమెకు గుండె కొట్టుకుంటుంది. ఫోను చేస్తుంది. ఎత్తకపోతే, ఆమెను అటుగా కారులో దింపే డ్రైవరు తమ్ముణ్ణి అడుగుతుంది. ఏ ఇంట్లో పని, ఏ బ్లాకు, చివరిసారి జీతం ఎప్పుడిచ్చారని హాలు మెట్ల మీద నలుగురూ గుమిగూడి ఆరా తీస్తుంటే, లోపల తర్వాతి భాషవాళ్ళు మైకు సరిచూసుకుంటూ ఉంటారు.